చిన్నాకి, జెర్సీలు కొన్నావంట కదా

ఒరేయ్ చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఆనందపురం అవతల స్థలంలో రేకుల షెడ్ వేసి రెండు జెర్సీ ఆవులు, ఒక గేదె కొన్నావని. రుషికొండలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఇదేటి బుద్ధిరా అని నవ్వాను గానీ లోపల సంతోషంగానే ఉంది. ముప్పయ్యేళ్ళు పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేసినోణ్ణి, ఒక్క మాట అడక్కుండా కొనేశావు, సరే, ఇప్పుడైనా విను.

నువ్వు వాట్సాప్‌లో అడిగావు కదా, ఇంట్లో ఏయే మందులు ఉంచుకోవాలో లిస్ట్ పంపు మావయ్యా అని. పంపను. మందు డాక్టర్ గారి పని, చూడ్డం నీ పని. ముందు ఒక థర్మామీటరు కొను, మనుషులకి వాడే డిజిటల్‌దే చాలు, దాని చివర దారం కట్టి బట్టల క్లిప్పు తగిలించి తోక వెంట్రుకలకి పెట్టేయ్, లేకపోతే లోపలికి జారిపోతాది, నాకు రెండుసార్లు జారిపోయి పేడలో వెతుక్కున్నాను. నూనె రాసి, తోక పక్కకి తీసి, పేడ వేసే దారిలో పెట్టి లోపల గోడకి ఆనేలా పట్టుకో, పేడ ముద్దలో గుచ్చావంటే తక్కువ చూపిస్తాది. ఆవుకి 101.5 కొంచెం అటూ ఇటూ ఉంటే మామూలే. మన వైజాగ్ మే నెల ఉక్కకి మధ్యాహ్నం చూస్తే ఏ జబ్బూ లేని జెర్సీకి కూడా 103 రావచ్చు, అది చూసి జ్వరం అని ఇంజెక్షన్లు పొడిపించేసినోళ్ళు బోలెడుమంది. అందుకే పొద్దున్నే చల్లపూట చూడు, వారం పాటు నోట్‌బుక్‌లో రాసుకో. మామూలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటాదో తెలీనోడికి తేడా వచ్చినప్పుడు ఏం తెలుస్తాది.

ఇంకోటి, ఎడమ డొక్క మీద పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు కదలకుండా నిలబడు. లోపల పొట్ట తిరిగి నీ పిడికిలిని మెల్లగా బయటికి తోస్తాది, రెండు నిమిషాల్లో రెండు మూడుసార్లు తోస్తే అరుగుదల బాగున్నట్టే. ముట్టె తడిగా ఉందా, నెమరు వేస్తోందా, పేడ ఎలా ఉంది, ఇవన్నీ చూడ్డానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

జెర్సీ కాబట్టి పాలజ్వరం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. ఒకసారి సొంట్యాం వైపు నుంచి రాత్రి పదకొండింటికి కబురొచ్చింది, మూడో ఈత జెర్సీ, ఈని రెండోరోజు, పడిపోయిందని. వెళ్ళేసరికి మెడ వంకర తిప్పి తల డొక్క మీద పెట్టేసి పడుకుంది, చెవులు పట్టుకుంటే మంచుముక్కలు, నోరు ఎండిపోయింది. ఆ ఇంటాయన జ్వరం మాత్రలు నూరి పోసేశాడు, ఎందుకంటే ఎవరో పాలజ్వరం అన్నారంట. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్ళు చల్లబడిపోతాది రా, ఈనగానే పాలల్లోకి కాల్షియం ఒక్కసారిగా వెళ్ళిపోయి రక్తంలో పడిపోద్ది, అదీ సంగతి. డాక్టర్ గారు కాల్షియం సీసా మెడ నరంలోకి చాలా మెల్లగా ఎక్కించారు, గుండె దగ్గర చెవి పెట్టి వింటూనే ఉన్నారు, తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోద్ది. సీసా సగం అయ్యేసరికి ఒళ్ళు వణికింది, త్రేన్చింది, పేడ వేసింది, కాసేపటికి లేచి నిలబడి దూడ కోసం అరిచింది. ఆ ఇల్లాలు నా చేతికి టీ గ్లాసు ఇస్తూ ఏడుస్తూనే ఉంది. కాబట్టి నీ ఆవులు ఈనాక మొదటి మూడురోజులు రాత్రిళ్ళు ఒకసారి లేచి చూడు, జున్నుపాలు దూడకి సరిపడా తీయి గానీ పొదుగు మొత్తం పిండేయకు. ఆ కాల్షియం సూది మాత్రం యూట్యూబ్ చూసి నువ్వే వేసేయాలనుకోకు.

పొదుగువాపు నిన్ను ఎక్కువ ఏడిపిస్తాది, డబ్బులు పోయేది దీంతోనే. రోజూ మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడు, తెల్లటి ముక్కలు, విరిగినట్టు తరకలు కనబడితే మొదలైందన్నమాట. పైకి కనబడనిది ఇంకా ఎక్కువ, దానికి బట్టల సర్ఫ్ పొడి నీళ్ళల్లో కలిపి, లీటరుకి 30 గ్రాములు, అది కొంచెం, పాలు అంతే కొంచెం ఒక ప్లేటులో కలిపి తిప్పు, జిగురులా గడ్డకడితే డాక్టర్ గారికి చూపించు. ఏ చన్నుకి ఆ చన్ను వేరేగా చూడాలి. పాలు తీశాక చన్ను రంధ్రం ఒక అరగంట తెరుచుకునే ఉంటాది, ఆవు వెంటనే బురదలో పడుకుందా, పనైపోయినట్టే, అందుకే తీయగానే ముందు గడ్డి వేసేయ్, తింటూ నిలబడుంటాది. యాంటీబయాటిక్ వేయించినప్పుడు ఎన్ని రోజులు పాలు పోయకూడదో అడిగి ఆ పాలు పారబోయి. పాల కేంద్రంలో కలిపేద్దాం ఎవడికి తెలుస్తాది అనే బుద్ధి మాత్రం వద్దు, చిన్నపిల్లలు తాగుతారు.

పెళ్ళిళ్ళ సీజన్ వస్తోంది. కల్యాణమండపాల నుంచి మిగిలిన అన్నం డ్రమ్ములతో తెచ్చి పుణ్యానికి ఆవులకి పెట్టేస్తారు మనోళ్ళు. ఆ అన్నం పొట్టలో పులిసి యాసిడ్ అయిపోయి ఆవు రెండోరోజుకి లేవదు, ఎన్ని చూశానో. నీ మొహమాటం నాకు తెలుసు, పక్కింటోళ్ళు తెచ్చిస్తే తీసుకో, పశువుకి పెట్టకు. కడుపు ఉబ్బితే మనోళ్ళు తల పైకెత్తి గొట్టంతో నూనె పోస్తారు, ఇందులో నా తప్పే చెప్తాను, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గేదెకి అలాగే హడావిడిగా పోశాను, దగ్గింది, అయినా ఆపలేదు. ఊపిరితిత్తుల్లోకి పోయింది. నాలుగోరోజు చచ్చిపోయింది. ఆ ముసలాయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇప్పటికీ గుర్తుంటాది. తల మెడకి సమానంగా ఉండాలి, నాలుక పట్టుకోకూడదు, దగ్గితే వెంటనే ఆపెయ్.

టీకాల సంగతి చకచకా చెప్పేస్తాను. గాలికుంటుకి ఆర్నెల్లకోసారి గవర్నమెంటోళ్ళే ఊళ్ళోకి వచ్చి ఫ్రీగా వేస్తారు, చెవికి 12 అంకెల పసుపు బిళ్ళ కూడా వాళ్ళే వేస్తారు. వేసిన రెండు రోజులు పాలు కాస్త తగ్గుతాయి, దానికే తలుపులు వేసేసుకునేవాళ్ళున్నారు, తర్వాత నోట్లో గిట్టల్లో పుళ్ళు పడి జొల్లు కారుతుంటే అప్పుడు పరిగెడతారు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే, మే నెలలో, ఎందుకంటే గొంతువాపు వచ్చిందంటే, గేదెకి మరీనూ, గురక మొదలయ్యాక డాక్టర్‌కి టైం ఇవ్వదు. పెయ్యదూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా, అంటే నెలలు నిండకుండానే ఈసుకుపోయే జబ్బు, దాని టీకా ఒక్కసారే, ఆ వయసు దాటిపోనివ్వకు. ఆ జబ్బు మనుషులకీ వస్తాది, ఈసుకుపోయిన దూడనీ మాయనీ ఉత్త చేతుల్తో ముట్టుకోకు, గ్లవ్స్ వేసుకుని సున్నం వేసి పాతెయ్.

గోమార్లు, అదే పిడుదులు, కనబడితే పశువు ఒంటి మీద మందు కొట్టడం ఒక్కటే కాదు, గోడ పగుళ్ళలో కూడా కొట్టాలి, గుడ్లు అక్కడే ఉంటాయి. జ్వరం 105 దాటి, జబ్బ ముందు చర్మం కింద ఉండే బిళ్ళ నిమ్మకాయంత ఉబ్బినా, ఉచ్చ కాఫీ రంగులో వచ్చినా, ఆ రోజే ఫోన్ చెయ్.

ఇది మాత్రం మర్చిపోవద్దు. ఆవు గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు జొల్లు కారుస్తూ వింతగా అరుస్తుంటే నోట్లో చెయ్యి పెట్టకు, పిచ్చికుక్క కరిచిందేమో ముందు ఆలోచించు, మన ఊరి రోడ్ల మీద కుక్కల సంగతి నీకు చెప్పాలా. పొరపాటున జొల్లు పుండుకి తగిలితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అప్పుడే ఆస్పత్రికి వెళ్ళిపో. అలాగే నిన్నటిదాకా బాగున్న పశువు ఉన్నపళంగా చచ్చి ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం వస్తే అది దొమ్మ, అదే ఆంత్రాక్స్, కావచ్చు, కొయ్యనివ్వకు, చర్మం తీయనివ్వకు. ఏజెన్సీలో అలాంటి మాంసం ముట్టుకుని చేతుల మీద నల్లటి పుళ్ళు పడినోళ్ళని చూశాను.

1962 నంబరు ఫోన్లో సేవ్ చేసుకో, పశువుల అంబులెన్స్ ఇంటికే వస్తాది, డబ్బులు అడగరు. మీ మండలం డాక్టర్ గారిని ఆవులు బాగున్నప్పుడే ఒకసారి వెళ్ళి పలకరించిరా. ఇంకా పెద్ద సమస్య అయితే గరివిడి పశువైద్య కాలేజీ ఉంది.

ఆదివారం పొద్దున్న తగరపువలస బస్సు దిగి అక్కణ్ణుంచి వస్తాను. ఆ వారం రాసిన నోట్‌బుక్ తీసి ఉంచు, మీ అత్త జున్ను అడిగింది గానీ ఇంకా ఈనలేదు కదా, పోనీలే పెరుగు అయినా పంపు.

మావయ్య