తమ్ముడూ, ముందు ఆ చెయ్యి చూడు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కంప్యూటర్‌లో వేసుకుంటే తప్ప నడవని డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు బ్రౌజర్‌లోకి ఎలా వచ్చాయో తెలుగులో రాద్దామన్న ఆలోచన నాకు బాగా నచ్చింది, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నా. మొదటి పేజీ మొత్తం పేర్లూ సంవత్సరాలే. 2001 ఎస్‌వీజీ, 2004 క్యాన్వాస్, 2017 వెబ్‌అసెంబ్లీ, ఇలా బ్రౌజర్‌లో బొమ్మలకి పనికొచ్చే టెక్నాలజీల జాబితా... బెజవాడ స్టేషన్లో రైళ్ల బోర్డు చదివినట్టుంది. అన్నీ కరెక్టే. కానీ బొమ్మ గీసే మనిషేడీ?

మా గుంటూరు అరండల్‌పేటలో నాకు తెలిసిన డీటీపీ ఆపరేటర్ ఒకాయన ఉన్నాడు, ఏళ్ల తరబడి కోరల్‌డ్రా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెళ్లి ఫ్లెక్సీలు చేస్తున్నాడు. ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌస్ మీద, కళ్లు మాత్రం స్క్రీన్ వదలవు. మొన్న ఆయన చేత బ్రౌజర్‌లో నడిచే ఒక ప్రోగ్రాం ఓపెన్ చేయించా. ఒక పువ్వు గీసి, దానికి జత కావాలని అలవాటు కొద్దీ కంట్రోల్ డి కొట్టాడు. రెండో పువ్వు రాలేదు, పేజీకి బుక్‌మార్క్ పడింది! కోరల్‌లో ఆ కీ డూప్లికేట్ తీస్తుంది మరి. ఆ కీ బ్రౌజర్ దాకా పోకుండా ప్రోగ్రాం ముందే పట్టుకోవచ్చు, రాసినవాళ్లకి తట్టలేదు. కంట్రోల్ డబ్ల్యూ అలా కాదు, మామూలు ట్యాబ్‌లో దాన్ని బ్రౌజర్ ఎవరికీ వదలదు, పొరపాటున కొడితే ట్యాబ్ మూసుకుపోతుంది, ప్రోగ్రాం ముందుజాగ్రత్త పడకపోతే బొమ్మ కూడా పోతుంది.

నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ఆ తర్వాత క్యాన్వాస్ గురించి చెప్పు, వింటారు.

క్యాన్వాస్‌ని, అంటే బొమ్మ గీసుకోవడానికి బ్రౌజర్ పేజీలో ఇచ్చే ఖాళీ చోటుని, నువ్వు ‘చిత్రణా వేదిక’ అన్నావు, ఆ మాట విని ఎవరికీ ఏమీ కనపడదు. సున్నం కొట్టిన గోడ అనుకో. దాని మీద ఒక డబ్బా గీస్తే రంగే మిగులుతుంది, అక్కడ డబ్బా ఉందని గోడకి తెలీదు. పక్కకి జరపాలంటే చెరిపి మళ్లీ గీయాలి, ఏది ఎక్కడుందో లెక్కంతా ప్రోగ్రామే రాసుకోవాలి, పైగా మౌస్‌తో లాగుతున్నంతసేపూ మామూలు స్క్రీన్ మీద సెకనుకి 60 సార్లు, అంటే ప్రతిసారీ సుమారు 16 మిల్లీసెకన్లలోపు. ఎస్‌వీజీ అనే ఇంకో పద్ధతిలో అయితే గీసిన ప్రతిదాన్నీ బ్రౌజరే విడిగా గుర్తుపెట్టుకుంటుంది, కాకపోతే వేలకొద్దీ పోగైతే నత్తనడకే.

వెబ్‌అసెంబ్లీకి, అంటే వేరే భాషల్లో రాసిన కోడ్‌ని బ్రౌజర్‌లో వేగంగా నడిపే పద్ధతికి, నువ్వు రెండు పేజీలు ఇచ్చావు, ఒక పేరా చాలు. ఇంజనీర్లు ప్లాన్లు గీసే ఆటోకాడ్ 1982 నాటిది, ఏళ్ల తరబడి పేరుకున్న దాని సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని బ్రౌజర్ భాష జావాస్క్రిప్ట్‌లో కొత్తగా రాయడం అయ్యే పని కాదు కాబట్టి ఆ కోడ్‌నే వెబ్‌అసెంబ్లీగా మార్చి 2018లో బ్రౌజర్‌లోకి తెచ్చారు. 2021లో ఫొటోషాప్ కూడా అదే దారి పట్టింది.

నువ్వు అసలు ముట్టుకోనిది, మనవాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఇలాంటి ప్రోగ్రాములు కొన్ని, అక్షరాలు కూడా బ్రౌజర్‌కి వదలకుండా తామే గీసుకుంటాయి, అప్పుడు బ్రౌజర్‌కి వచ్చిన తెలుగు వాటికి అక్కరకు రాదు, ఒత్తులు కూర్చే పనికి హార్ఫ్‌బజ్ లాంటి రెడీమేడ్ కోడ్ లైబ్రరీని వెంట తెచ్చుకోవాలి. మా ఆపరేటర్ ఆ ప్రోగ్రాంలోనే పెళ్లికూతురి పేరు ‘లక్ష్మి’ అని కొట్టాడు. క, ష పొల్లులతో, మి చివర్లో, మూడూ విడివిడిగా వరసలో నిలబడ్డాయి. ఆయన కాసేపు చూసి, ‘ఇది గోడకి కడితే పెళ్లివాళ్లు నన్ను కడతారు’ అని కోరల్ తెరిచాడు.

నువ్వు సేకరించిన తేదీలు పారెయ్యకు, ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకో. ఆదివారం గుంటూరు రా, ఆయన షాపుకి వెళ్దాం. పదకొండు దాటాక అయితే ముహూర్తాల గిరాకీ తగ్గి మనతో మాట్లాడతాడు. ల్యాప్‌టాప్ తేవద్దు, ఒక పుస్తకం, పెన్ను చాలు.

ఇట్లు,
మీ అన్నయ్య