ముందు వోల్టేజీ, ఆ తర్వాతే ఓవెన్

ప్రశ్న: చోడి (రాగిపిండి) బిస్కెట్లు, కేకు, ఎప్పుడైనా బ్రెడ్ ఇంట్లోనే చేసుకుందామని ఓవెన్ కొనాలనుకుంటున్నాం. కరెంటుదైతే బిల్లు తట్టుకోలేమని, పైగా సాయంత్రమయ్యేసరికి లోవోల్టేజీ అని, గ్యాస్‌దే తీసుకోమని మా ఆడపడుచు అంటున్నారు. ఏది నయం?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: బిల్లు భయం అక్కర్లేదు. లోవోల్టేజీ సంగతి మాత్రం మీ ఆడపడుచుగారు సరిగ్గానే పట్టుకున్నారు.

ముందు బిల్లు చూద్దాం. 1500 వాట్ల ఓవెన్ ముప్పావుగంట నడిస్తే ముప్పావు యూనిట్ నుంచి ఒక యూనిట్ వరకు కాలుతుంది. వేడెక్కాక థర్మోస్టాట్ కాసేపు ఆపి కాసేపు వేస్తుంటుంది కాబట్టి అంతకు మించదు. వారానికి రెండుసార్లు వాడినా నెలకు ఎనిమిది యూనిట్లు. గ్యాస్ ఓవెన్ బర్నరు రెండున్నర కిలోవాట్లదైతే నిండు మంట మీద గంటకు సుమారు 200 గ్రాముల గ్యాస్ తాగుతుంది. సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. లెక్క వేసుకుంటే ఇంటి వాడకానికి రెండింటికీ పెద్ద తేడా ఉండదు.

ఇక వోల్టేజీ. డబ్బా మీద రాసిన 1500 వాట్లు 230 వోల్టులు ఉన్నప్పటి మాట. 180కి పడిపోతే వేడి కాస్తే తగ్గుతుందనుకోకండి. వోల్టేజీ వర్గాన్ని బట్టి, అంటే వోల్టేజీని దానితోనే గుణించిన లెక్కన, తగ్గుతుంది గనక మిగిలేది 920 వాట్లే. పది పదిహేను నిమిషాల్లో 180 డిగ్రీలు అందుకోవాల్సిన ఓవెన్ అరగంటైనా అందుకోదు, లైటు ఆరదు. ఓపిక పట్టలేక కేకు పెట్టేస్తే పిండి గట్టిపడేలోపే బేకింగ్ పౌడర్ పొంగు అంతా అయిపోయి, అంచులు లేచి నడుమ గుంట పడుతుంది. తప్పు పిండిది కాదు.

కాబట్టి కొనేముందు ఎలక్ట్రీషియన్ చేత ఒక పని చేయించండి. సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య వంటింటి ప్లగ్గులో మల్టీమీటర్ పెట్టి చూడమనండి. తర్వాత అదే స్విచ్ బోర్డు మీద ఇస్త్రీపెట్టె వేసి మళ్లీ చూడమనండి. 210 పైన నిలబడితే నిశ్చింతగా కరెంటు ఓవెన్ తెచ్చుకోండి. ఇస్త్రీపెట్టె వేయగానే పది, పదిహేను వోల్టులు పడిపోయి, మెయిన్ బోర్డు దగ్గర మాత్రం పడకపోతే లోపం మీ ఇంటి వైరింగులోదే. ఎక్కడో స్క్రూ వదులైంది, లేదా తీగ సన్నంగా ఉంది. అలాంటి చోట ఓవెన్ పెడితే ముందు సాకెట్టే నల్లబడుతుంది. మీటరు దగ్గరే 190కి దిగువ ఉంటే అది ట్రాన్స్‌ఫార్మర్ బాధ. లైన్‌మన్‌కు చెప్పండి, అది బాగయ్యేదాకా పగటిపూట బేక్ చేసుకోండి. కాయిల్ ఓవెన్‌కి స్టెబిలైజర్ కొనడం దండగ.

చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగేది 1380 వాట్లే. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్తింగు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఎప్పుడూ వద్దు.

అన్నీ కుదిరితే మా ఓటు కరెంటుకే. కారణం ఖర్చు కాదు, వేడి తీరు. కిలో గ్యాస్ మండితే కిలోన్నర దాకా నీటి ఆవిరి పుడుతుంది. బ్రెడ్‌కి ఆ తడి మంచిదే గాని బిస్కెట్‌కి కావాల్సింది పొడి వేడి. పైగా గ్యాస్ ఓవెన్‌లో బర్నరు అడుగునే ఉండటంతో కింద మాడుతుంటే పైన రంగు రాదు. పైన విడిగా గ్రిల్ బర్నరు ఉన్నవి ఖరీదెక్కువ. చాలావాటిలో మంట ఎంత తగ్గించినా 140, 150 డిగ్రీలకు దిగదు కూడా.

28, 30 లీటర్ల ఓవెన్ చాలు. 16 లీటర్లదైతే వేడెక్కే కడ్డీలు మరీ దగ్గరగా ఉండి కేకు నెత్తి మాడుతుంది. నాబ్ మీద అంకెను నమ్మకండి, ఇరవై డిగ్రీల తేడా మామూలే. చెంచాడు పంచదార చిన్న అల్యూమినియం రేకులో వేసి, 175 దగ్గర పావుగంట ఉంచండి. కరగకూడదు. 190కి పెంచి మరో పావుగంట ఉంచితే కరగాలి. 175కే కరిగితే మీ ఓవెన్ ఎక్కువ కాస్తున్నట్టు. అప్పటినుంచి నాబ్‌ను ఓ పదిహేను డిగ్రీలు తగ్గించి పెట్టుకోండి. మన సముద్రపు గాలికి బిస్కెట్లు ఇట్టే మెత్తబడతాయి. ఓవెన్ కట్టేశాక తలుపు ఓరగా తెరిచి పది నిమిషాలు లోపలే ఆరనిచ్చి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: గ్యాస్ ఓవెన్ ఉంది. వెలిగిస్తే వెలుగుతుంది, నాబ్ వదలగానే ఆరిపోతోంది. మెకానిక్ ఆ సేఫ్టీ తీసేసి డైరెక్ట్ చేసేస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: తీయనివ్వకండి. మంట పక్కన పెన్సిల్ ముల్లులా ఉండే చిన్న కడ్డీ థర్మోకపుల్. మంట తగిలి అది వేడెక్కితేనే గ్యాస్ వాల్వు తెరిచి ఉంటుంది. మంట ఆరితే వాల్వు మూసుకుపోతుంది. అది లేకుండా లోపల మంట ఆరిందనుకోండి, గాలికన్నా బరువైన గ్యాస్ ఓవెన్ అడుగునే పేరుకుంటుంది. మళ్లీ అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వెలిగించాక నాబ్‌ను పది సెకన్లు నొక్కే ఉంచండి. అయినా ఆరితే గ్యాస్ కట్టేసి, చల్లారాక ఆ కడ్డీ కొసకు పట్టిన మసిని సన్నని ఎమరీ కాగితంతో తుడవండి. కొస మంటలోకే ఉండాలి, పక్కకు ఒరిగితే సరిచేయించండి. అప్పటికీ ఆరిపోతుంటే కడ్డీ మార్పించడమే, పెద్ద ఖర్చు కాదు. మంట పసుపురంగులో మండి గిన్నెలు మసిబారుతుంటే జెట్ (బర్నరులోకి గ్యాస్ వదిలే చిన్న రంధ్రపు ముక్క) చూపించండి. పైపు గ్యాస్ కోసం చేసిన ఓవెన్లలో జెట్ రంధ్రం పెద్దది, సిలిండర్‌కి పనికిరాదు. ఓవెన్ మండుతున్నంతసేపూ కిటికీ తెరిచే ఉంచండి. వెలిగించేటప్పుడు తలుపు మూసి ఉంచొద్దు.

ప్రశ్న: తుపానొస్తే ఇక్కడ రోజుల తరబడి కరెంటు ఉండదు. ఇన్వర్టర్ మీద ఓవెన్ నడుస్తుందా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: నడవదు. ఇళ్లలో ఉండే 850 వీఏ ఇన్వర్టర్ ఇచ్చేది ఏడొందల వాట్ల లోపే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన పలాసవాళ్లకు ఈ సందేహం రావడం సహజమే. అలాంటి రోజులకు పాత ప్రెషర్ కుక్కర్ ఒకటి పక్కన పెట్టుకోండి. గాస్కెట్, వెయిట్ తీసేయండి. నీళ్లు పోయకుండా అడుగున రెండు వేళ్ల మందాన ఉప్పు పరిచి, దానిమీద స్టాండు పెట్టి, మధ్యస్థ మంట మీద పది నిమిషాలు కాగనివ్వండి. కేకు గిన్నె దించి మూత పెట్టి, మంట బాగా తగ్గించండి. అరకిలో కేకుకి 40 నుంచి 50 నిమిషాలు పడుతుంది. మొదటి 35 నిమిషాలు మూత తీయకుండా ఉండి, అప్పుడు పుల్ల గుచ్చి చూడండి. ఆ ఉప్పు కూరల్లోకి పనికిరాదు గాని, చల్లారాక సీసాలో పోసి ఉంచితే మళ్లీ ఇదే పనికి వాడుకోవచ్చు.