అకౌంటెంట్ మానేశాడు, ఓటీపీలు మాత్రం అతని ఫోన్‌కే వెళ్తున్నాయి: ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది గుంటూరులో కారం పొడి ప్యాకింగ్ యూనిట్ అండి, ప్రొప్రైటర్‌ని నేనే. చాలా ఏళ్ళుగా మా లెక్కలు చూసిన అకౌంటెంట్ గొడవపడి మానేశాడు. జీఎస్టీలో తన నంబర్, తన మెయిలే ఇచ్చుకున్నాడు, ఇప్పుడు పాస్‌వర్డ్ కూడా మార్చేశాడు. సరుకు పంపడానికి తియ్యాల్సిన ఈ-వే బిల్లు ఓటీపీ కూడా తనకే పోతుంది. ఫర్మ్ జీమెయిల్ పాస్‌వర్డ్ నాకు తెలుసు గానీ కోడ్ మాత్రం నా పేరు మీద తీసి తనకిచ్చిన సిమ్‌కి వెళ్తుంది, ఆ సిమ్ తిరిగివ్వట్లేదు. రెండు నెలల జీతం బాకీ, దాని మీద ఇంకో లక్ష ఇస్తేనే ఓటీపీ చెప్తానంటున్నాడు. జీతం బాకీ ఉన్న మాట నిజమే. హైదరాబాద్ వెళ్ళాల్సిన సరుకు గోడౌన్‌లో ఆగిపోయింది. పోలీస్ కేసు పెట్టొచ్చా? మా అబ్బాయేమో వాడి మెయిల్ ఎలాగోలా ఓపెన్ చేస్తానంటున్నాడు.

జవాబు: ముందు మీ అబ్బాయిని ఆపండి. అతని సొంత మెయిల్ పాస్‌వర్డ్ కనిపెట్టి లోపలికి వెళ్ళినా, అతని పేరు మీదున్న నంబర్‌కి తెలిసినవాళ్ళ ద్వారా డూప్లికేట్ సిమ్ తీయించినా, ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 66, 66సి సెక్షన్ల కింద కేసు మీ ఇంటికే వస్తుంది. 66సి కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంటుంది, ఇప్పటిదాకా న్యాయం మీ వైపుంది కదా, దాన్ని చేతులారా పోగొట్టుకోవద్దు.

పోలీస్ కేసు పెట్టొచ్చు, కానీ అది మొదటి పని కాదు. స్టేషన్‌కి వెళ్తే ఓటీపీ రాదు, ఈలోగా 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న 3బీ (పన్ను కట్టే రిటర్ను) తేదీలు దాటిపోతే రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ పడతాయి, అకౌంటెంట్‌తో గొడవైందని చెప్తే ఎవరూ మాఫీ చెయ్యరు. అందుకని ముందు అకౌంట్లు చేతికి తెచ్చుకోవాలి.

జీఎస్టీ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. మధ్యవర్తులు తమ నంబర్లే పెట్టేసుకుని తర్వాత ఇవ్వకపోవడం దేశమంతా ఉన్న సమస్య, అందుకే దీనికి పోర్టల్‌లోనే ఒక దారి పెట్టారు. లాగిన్ అవసరం లేకుండా పోర్టల్‌లో 'సెర్చ్ టాక్స్‌పేయర్' దగ్గర మీ జీఎస్టీ నంబర్ కొట్టండి, మీరు స్టేట్ పరిధిలోనా సెంట్రల్ పరిధిలోనా, ఏ ఆఫీసు అన్నది కనిపిస్తుంది. ఆ ఆఫీసుకి పాన్, ఆధార్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బిజినెస్ మీదేనని చూపే కాగితాలు తీసుకుని స్వయంగా వెళ్ళి, మొబైల్, మెయిల్ మార్చమని రాతపూర్వకంగా అడగండి. ఆఫీసర్ మీ ప్రూఫ్‌లు చూసి, వాటిని అప్‌లోడ్ చేసి కొత్త నంబర్, కొత్త మెయిల్ ఎక్కిస్తారు, అప్పుడు యూజర్ నేమ్, టెంపరరీ పాస్‌వర్డ్ ఆ కొత్త మెయిల్‌కే వస్తాయి, 'ఫస్ట్ టైమ్ లాగిన్' లోంచి వెళ్ళి మీ పాస్‌వర్డ్ పెట్టుకోవడమే. ఇందులో ఎక్కడా పాత అకౌంటెంట్ ఓటీపీ అక్కర్లేదు, అంటే అతను లక్ష రూపాయలకి అమ్ముతానంటున్న వస్తువు మీరు కొనాల్సిన అవసరమే లేదు. అర్జీ కాపీ మీద స్టాంపు, తేదీ మాత్రం వేయించుకోండి.

ఈ-వే బిల్లు పోర్టల్‌కి మీ వివరాలు జీఎస్టీ నుంచే వస్తాయి కాబట్టి అక్కడ మారాక ఇక్కడ కూడా అప్‌డేట్ చేసుకోండి. ఇంతకుముందు పాస్‌వర్డ్ ఉంటే చాలు బిల్లు తీసేవాళ్ళం, పెద్ద టర్నోవర్ వాళ్ళతో మొదలుపెట్టి 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ అనే రెండో అంచె తప్పనిసరి చేశారు, చాలామందికి తమ అకౌంట్లో ఎవరి నంబర్ ఉందో అప్పుడే తెలిసొచ్చింది. గోడౌన్‌లో ఉన్న సరుకుకి మాత్రం ఇదంతా అయ్యేదాకా ఆగక్కర్లేదండి, మీరు ఇన్‌వాయిస్ ఇచ్చి ఆథరైజ్ చేస్తే పోర్టల్‌లో ఎన్‌రోల్ అయిన ట్రాన్స్‌పోర్టర్ తన లాగిన్‌లోంచి మీ తరఫున ఈ-వే బిల్లు తియ్యొచ్చు, రూల్స్‌లో ఆ వీలుంది. ఈరోజే మీ లారీ ఆఫీసులో అడగండి.

జీమెయిల్ విషయంలో మీరు అదృష్టవంతులు, సిమ్ మీ పేరు మీదుంది. చట్టం దృష్టిలో ఆ నంబర్ చందాదారు మీరే, ఫోన్ ఎవరి జేబులో ఉందన్నది తర్వాత సంగతి. ఆధార్ తీసుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్ళి ఆ సిమ్ బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపుతారు, మోసాలు జరక్కుండా పెట్టిన నియమం అది, కోడ్ రాలేదని కంగారుపడి పదేపదే లాగిన్ ప్రయత్నించకండి. షాపు కంప్యూటర్లో ఆ మెయిల్ ఇంకా ఓపెన్ అయ్యే ఉంటే ఎట్టి పరిస్థితిలోనూ లాగౌట్ చెయ్యొద్దు, రికవరీ అడిగినప్పుడు గూగుల్ పాత పరిచయమున్న మిషన్‌ని బాగా లెక్కలోకి తీసుకుంటుంది. లోపలికి వెళ్ళగానే పాస్‌వర్డ్ మార్చి, అతని ఫోన్‌ని డివైజ్‌ల లిస్టులోంచి సైనౌట్ చేసి, రికవరీ నంబర్, రికవరీ మెయిల్ చూసుకోండి. రికవరీ నంబర్ మార్చినా వారం దాకా పాతదానికి కోడ్ పంపే అవకాశం గూగుల్ ఉంచుతుంది, అందుకే ఆ వారం అలర్ట్ మెయిల్స్ రోజూ చూడాలి. తర్వాత బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తారు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది, ప్రింట్ తీసి ఇంట్లో బీరువాలో పెట్టండి, ఆఫీసు డ్రాయర్లో కాదు.

ఇక కేసు సంగతి. ఓటీపీ చెప్పకుండా కూర్చోవడం ఒక్కటే నేరమా అంటే వాదనకి తావుంది. కానీ మానేశాక ఫర్మ్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చి మిమ్మల్ని బయట పెట్టడం ఐటీ చట్టం 43 కిందకి వస్తుంది, దురుద్దేశంతో చేశాడని తేలితే 66 కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నష్టపరిహారం కావాలంటే 46 సెక్షన్ కింద అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గరకి వెళ్ళాలి, రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే ఆ అధికారి, 5 కోట్ల లోపు క్లెయిమ్‌లు అక్కడే. పైన అడిగిన లక్ష ఉంది చూశారా, అది వాట్సాప్‌లో అడిగితే ఆ చాట్ డిలీట్ అవ్వకుండా దాచండి, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 308 సెక్షన్, బలవంతపు వసూలు కింద వాదించడానికి అదే ఆధారం.

అయితే జీతం విషయంలో తప్పు మీది, మొహమాటం లేకుండా చెప్తున్నాను. వేతనాల కోడ్ ప్రకారం మనిషి పని మానేస్తే రెండు పని దినాల్లో సెటిల్ చెయ్యాలి. బాకీ పెట్టుకుని స్టేషన్‌కి వెళ్తే 'నా జీతం నేనడిగాను' అంటాడు, పోలీసులు కూడా సివిల్ తగాదా అని పక్కన పెడతారు. ఆ రెండు నెలల జీతం బ్యాంకు ద్వారా ఈరోజే పంపేయండి, నగదు వద్దు. అది పోయాక మిగిలేది లక్ష డిమాండ్ ఒక్కటే, అప్పుడు కేసు రంగు మారుతుంది.

డబ్బు పంపిన వెంటనే లాయర్ నోటీసు ఇప్పించండి, ఏడు రోజుల గడువుతో. బెదిరింపు భాష వద్దు. ఫర్మ్ రిటర్నులన్నీ అతని నంబర్‌తో ముడిపడి ఉన్నాయని, రేపు ఏ ఎంక్వయిరీ వచ్చినా ముందు ఫోన్ మోగేది అతనికేనని, ఆ నంబర్ తీయించుకోవడం అతనికీ క్షేమమని అందులో రాయించండి, నిజం కూడా అదే, ఆ మాటకి చాలామంది దిగొస్తారు. ఒప్పుకుంటే జీతం ముట్టినట్టు మీకు అతను, అకౌంట్లు అప్పగించినట్టు అతనికి మీరు రసీదులు రాసుకోండి, ఏ జీఎస్టీ నంబర్, ఏ మెయిల్, ఏ సిమ్, ఏ తేదీ అన్నది విడివిడిగా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. కొత్త అకౌంటెంట్‌కి ఈ-వే బిల్లులో సబ్ యూజర్ (మీ అకౌంట్ కిందే విడి లాగిన్) తీసివ్వండి, ఓటీపీ తన నంబర్‌కి వస్తుంది, మెయిన్ లాగిన్ మీ దగ్గరే ఉంటుంది, మానేసిన రోజు ఆ సబ్ యూజర్‌ని ఆపేస్తే సరిపోతుంది.