అనంతపురంలో ఇంటికి గాలిమర: ఎంత ఖర్చు, ఏ రకం, ఎవరికి పనికొస్తుంది

అనంతపురం శివార్లలోని మీ రెండంతస్తుల ఇంటి మిద్దె మీద 1 లేదా 2 కిలోవాట్ల గాలిమర పెట్టించుకుంటే ఎంత ఖర్చవుతుంది, మూడు రెక్కలది మంచిదా, నిలువుగా నిలబడి తిరిగేది మంచిదా అని అడిగారు. చుట్టూ కొండల మీద అన్ని ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు మన ఇంటి మీద ఎందుకు తిరగదన్న సందేహం కూడా వ్యక్తం చేశారు. ఉరవకొండ వైపు మా బావగారి తోటలో, కరెంటు లైను చేరని ఇంటికి, 1 కిలోవాట్ యంత్రాన్ని ఎంపిక చేయడం నుంచి స్తంభం నిలబెట్టించడం వరకు నేనే దగ్గరుండి చేయించాను. ఇప్పటికీ దాని మంచిచెడ్డలు నేనే చూస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ మిద్దె మీదకు గాలిమర వద్దు. తోటలోనో చేనులోనో అయితే ఆలోచించవచ్చు.

ముందు కొండల సంగతి చూద్దాం. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు వచ్చాయంటే కారణం ఆ కొండల వరుసే. నైరుతి గాలి ఆ గట్టును ఎక్కి దాటేటప్పుడు వేగం పుంజుకుంటుంది. ఈ మధ్య వజ్రకరూరు, బెళుగుప్ప ప్రాంతాల్లో వెలసిన పెద్ద మరల ఇరుసు నేల నుంచి 80 మీటర్లు, అంతకు మించిన ఎత్తులోనే ఉంటుంది. మీ మిద్దె ఎత్తు 7 మీటర్లో 8 మీటర్లో ఉంటుంది. అక్కడ వీచే గాలి, ఇక్కడ వీచే గాలి ఒకటి కావు.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఒక్క సూత్రం చెబుతుంది: గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 1 కిలోవాట్ అని అమ్మే యంత్రానికి సాధారణంగా 2.4 మీటర్ల వ్యాసం ఉన్న రెక్కలుంటాయి. ఆ 1 కిలోవాట్ అనేది గాలి సెకనుకు 11 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో వీచినప్పుడు మాత్రమే వస్తుంది. అదే యంత్రం 6 మీటర్ల గాలికి 140 వాట్ల దగ్గర ఉంటుంది, 4 మీటర్ల గాలికి 40 వాట్లు ఇస్తే గొప్ప. అందుకే కొటేషన్‌లో కిలోవాట్ల అంకెను పక్కన పెట్టి, రెక్కల వ్యాసం ఎంత, ఏ వేగానికి ఎన్ని వాట్లు అన్న రెండు ప్రశ్నలే అడగండి. బెట్జ్ పరిమితి ప్రకారం ఏ గాలిమరా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేదు; చిన్న యంత్రాలు 25 నుంచి 30 శాతం తీస్తే మంచివే. ఆ 59.3 శాతం దాటి చెప్పే బ్రోచర్‌ను అక్కడికక్కడే మూసేయవచ్చు.

పైన చెప్పిన యంత్రానికి ఏడాది సగటు గాలి 3 మీటర్లుంటే నెలకు 20 యూనిట్లు, 4 ఉంటే 50 నుంచి 55, 5 ఉంటే 100 నుంచి 110 యూనిట్లు వస్తాయని లెక్క వేసుకోవచ్చు. ఇళ్ల మధ్య ఉన్న మిద్దె మీద సగటు 3 మీటర్లు దాటడం కష్టం. పైగా ఆ గాలి నేరుగా రాదు. పక్కింటి నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, వేపచెట్టు తగిలి, వాగులో బండ వెనక నీటిలాగా సుడి తిరుగుతూ వస్తుంది. ఆ సుడిలో రెక్కలు దిక్కు తెలియక అటూ ఇటూ కొట్టుకుంటాయి, బేరింగులు త్వరగా పోతాయి, ఆ కంపనం స్లాబు గుండా కింద పడక గదిలోకి దిగుతుంది. ఎల్లప్పుడూ పాటించదగిన కొలత ఒకటుంది: చుట్టూ 100 మీటర్ల లోపు ఉన్న ఎత్తైన అడ్డంకి కంటే రెక్కల అడుగు భాగం కనీసం 10 మీటర్లు పైన ఉండాలి. పట్టణంలో ఆ ఎత్తు స్తంభానికి స్టే వైర్లు, అంటే స్తంభం పడకుండా నాలుగు వైపులా లాగి పట్టే తీగలు, కట్టే జాగా ఎవరి దగ్గరా ఉండదు.

ఇక రకాల గురించి. నిలువు ఇరుసు యంత్రాల్లో సవోనియస్ రకం సగానికి చీల్చిన పీపాల ఆకారంలో ఉంటుంది. ఏ దిక్కు గాలికైనా, తక్కువ గాలికైనా తిరుగుతుంది, చప్పుడు తక్కువ, చూడముచ్చటగా ఉంటుంది. కానీ సామర్థ్యం 15 శాతం దగ్గరే ఉంటుంది, ఒకే విద్యుత్తుకు చాలా ఎక్కువ లోహం కావాలి. డారియస్ రకం సామర్థ్యం దానికంటే మెరుగు, అయితే తనంతట తాను తిరగడం మొదలుపెట్టడానికి మొరాయిస్తుంది, ప్రతి చుట్టులోనూ రెక్కల మీద ఒత్తిడి మారుతూ ఉండడం వల్ల అతుకుల దగ్గర పగుళ్లు వస్తాయి. మాకు తెలిసిన ఒకరి మేడ మీద మెలి తిరిగిన రెక్కల యంత్రం ఒకటుంది. అది రోజంతా తిరుగుతూనే ఉంటుంది, అయితే దాని కింద, వచ్చే కరెంటును అదుపు చేసే పెట్టె అయిన కంట్రోలర్‌లో కనిపించే అంకె రెండు పదుల వాట్లు దాటగా నేను చూడలేదు. తిరగడం వేరు, కరెంటు ఇవ్వడం వేరు. రూపాయికి ఎక్కువ యూనిట్లు కావాలంటే అడ్డ ఇరుసు, మూడు రెక్కలు, వెనుక తోక ఉన్న పాత పద్ధతే మేలు.

ఆ తోక పనితనం దగ్గర నుంచి చూస్తేనే అర్థమవుతుంది. మామూలు గాలిలో అది రెక్కలను గాలికి ఎదురుగా నిలబెడుతుంది. ఆషాఢం గాలి విరుచుకుపడినప్పుడు, కీలు మీద ఉన్న తోక మడుచుకుంటుంది, యంత్రం మొహం పక్కకు తిప్పుకుంటుంది, వేగం తగ్గుతుంది. గాలి నెమ్మదించగానే తోక తన బరువుతోనే మళ్లీ తిన్నగా అవుతుంది. ఈ ఏర్పాటు లేని యంత్రాన్ని మన ప్రాంతంలో కొనకూడదు. ఇంకొకటి: సోలార్ పలకలాగా గాలిమరను లోడు లేకుండా వదిలేయలేము. బ్యాటరీ నిండాక లోడు తెగిపోతే రెక్కలు అదుపు తప్పి తిరుగుతాయి కాబట్టి, మిగులు విద్యుత్తును హీటర్ కాయిల్‌లోకి మళ్లించే కంట్రోలర్ తప్పనిసరి. ఆపడానికి జనరేటర్ నుంచి వచ్చే మూడు ఫేజు తీగలను కలిపేసే బ్రేకు స్విచ్చి ఉంటుంది. దాన్ని గాలి హోరులో వేస్తే జనరేటర్ చుట్ట కాలిపోయే ప్రమాదం ఉంది గనుక, గాలి విసురుకూ విసురుకూ నడుమ కాస్త తెరిపి దొరికినప్పుడే వేయాలని మా బావగారికి నేర్పించాను.

ఖర్చు విషయానికొస్తే, యంత్రం ధర సగం కూడా కాదని చాలామందికి తెలియదు. 1 కిలోవాట్ యంత్రం, కంట్రోలర్ కలిపి లక్ష పైచిలుకు, 12 మీటర్ల జీఐ పైపు స్తంభం, స్టే వైర్లు, వాటిని బిగించే టర్న్‌బకిల్స్, కాంక్రీటు దిమ్మెలకు 50 నుంచి 60 వేలు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగింటికి 60 నుంచి 70 వేలు, ఇన్వర్టర్‌కు 25 వేలు, కేబుల్, ఎర్తింగ్, పిడుగు నుంచి రక్షణ, రవాణాకు 20 వేలు. అంతా కలిపితే రెండున్నర నుంచి మూడు లక్షలు. స్తంభం దగ్గర పొదుపు చేయకండి. 10 మీటర్ల నుంచి 20 మీటర్లకు ఎత్తు పెంచితే మైదానంలో గాలి వేగం సుమారు 10 శాతం పెరుగుతుంది, శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి అది మూడో వంతు పెరుగుతుంది. అడుగున కీలు ఉండి, చైన్‌పుల్లీతో పడుకోబెట్టగలిగే స్తంభాన్ని వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు. బేరింగుకు గ్రీజు పెట్టడానికి ఎవరూ పైకెక్కే పని ఉండదు. ఏటా మృగశిరకు ముందు స్టే వైర్ల బిగువు చూసుకోవాలి. వైర్ల చుట్టూ కంప వేయకపోతే మేకలు వాటికి ఒళ్లు రుద్దుకుని బిగువు సడలిస్తాయి, ఇది ఏ మాన్యువల్‌లోనూ రాసి ఉండదు.

నెలకు 100 యూనిట్లు వచ్చే మంచి స్థలమే అనుకుని, గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబు ధర 6 రూపాయల చొప్పున చూసినా, ఏడాదికి మిగిలేది 7,200 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి ముప్పై అయిదేళ్లు పైనే పడుతుంది, ఈలోగా నాలుగైదేళ్లకొకసారి బ్యాటరీలు మార్చాలి. అదే మిద్దె మీద 2 కిలోవాట్ల సోలార్ పెడితే సుమారు లక్షా ముప్పై వేలు అవుతుంది, అందులో 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 60,000 రాయితీ వస్తుంది, నెలకు 240 యూనిట్ల దాకా వస్తాయి. ఆ రాయితీ గాలిమరకు వర్తించదు. లైను కరెంటు ఉన్న ఇంటికి ఈ రెండింటి మధ్య పోటీయే లేదు.

మరి మా బావగారి తోటలో ఎందుకు పెట్టించామంటే, అక్కడ లైను వేయించుకునే ఖర్చు ఇంతకంటే ఎక్కువయ్యేది, చుట్టూ చెట్లు లేని వేరుశనగ చేలు, మబ్బు పట్టి సోలార్ తగ్గే జూన్ నుంచి ఆగస్టు నెలల్లోనే గాలి జోరుగా ఉంటుంది. పగలు పలకలు, రాత్రి రెక్కలు అన్నట్టు 1 కిలోవాట్ సోలార్‌తో కలిపి పెట్టాము. కార్తికంలో గాలి దాదాపు పడిపోతుంది, అప్పుడు భారమంతా సోలార్‌దే. బోరు మోటారు మాత్రం దీంతో నడవదు. 5 హెచ్‌పీ మోటారుకు 3.7 కిలోవాట్లు కావాలి. నీళ్లు తోడే బహుళ రెక్కల పాత గాలిమరలు లోతు తక్కువ బావులకు సరిపోయేవే గానీ, వందల అడుగుల లోతు బోర్లకు పనికిరావు.

ఇంత చెప్పినా మీకు ఆసక్తి తగ్గకపోతే, ఇంటర్నెట్‌లో దొరికే గాలి వేగాల పటం గ్లోబల్ విండ్ అట్లాస్‌లో మీ స్థలానికి 10 మీటర్ల ఎత్తు అంకె చూడండి, 100 మీటర్ల అంకె చూసి మురిసిపోకండి. తర్వాత గాలి వేగం కొలిచే చిన్న అనిమోమీటర్‌ను స్తంభానికి కట్టి జులైలోనూ నవంబరులోనూ కొలవండి. జులై ఒక్కటే కొలిస్తే మన జిల్లాలో ప్రతి చేనూ గాలిమరకు పనికొచ్చేదిగానే కనిపిస్తుంది. మీకు ఊరి బయట చేను ఉంటే, దానికి పడమర, నైరుతి దిక్కుల్లో 100 మీటర్ల లోపు ఏమేమి ఉన్నాయో, లైను ఎంత దూరంలో ఉందో రాయండి, స్తంభం ఎత్తు, రెక్కల వ్యాసం లెక్క వేసి చెబుతాను.