పిట్ట రెట్టలో ఊసిస్ట్ ఏదో తేలాలంటే ముందు దాన్ని పండనివ్వాలి

విశాఖ కంబాలకొండ దగ్గర మీ పెరట్లో వాలే పిగిలిపిట్ట రెట్టలో గుండ్రటి ఊసిస్టులు (పేగుల్లో బతికే కాక్సీడియా అనే ఏకకణ పరాన్నజీవులు గుడ్డులా బయటికొచ్చే దశ) కనిపించాయని, లోపల ఒకే ముద్ద ఉందని, అది కాక్సీడియాలో ఐమీరియా ప్రజాతా, ఐసోస్పోరా ప్రజాతా, కొత్త జాతి అనుకోవచ్చా అని అడిగారు. ఆ ఒక్క ఫోటో చూసి ఎవరూ చెప్పలేరండి. ఒకే ముద్ద ఉందంటే అది ఇంకా స్పోరులేట్ కాలేదు, అంటే పండలేదు. ఆ దశలో రెండూ ఒకేలా ఉంటాయి.

పండాక లెక్క తేలిక. లోపల రెండు స్పోరోసిస్టులు (చిన్న తిత్తులు), ఒక్కోదాంట్లో నాలుగు స్పోరోజోయిట్లు (ఇంకో పిట్టకి సోకే కణాలు) ఉంటే ఐసోస్పోరా. నాలుగు స్పోరోసిస్టులు, రెండేసి స్పోరోజోయిట్లు ఉంటే ఐమీరియా. ఇలాంటి చిన్న పిట్టల్లో ఎక్కువగా దొరికేది ఐసోస్పోరానే.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను మధురవాడలో మా అద్దింటి బొప్పాయి చెట్టు కింద పాత క్యాలెండర్ కాగితాలు పరిచి, పొద్దున్నే రెట్టలు గీరి కాలేజీకి పట్టుకెళ్లేవాణ్ణి. మూడు వారాలు ఒక్కటీ దొరకలేదు. ఈ పిట్టలకి కాక్సీడియా లేవని రాసేయబోతుంటే సీనియర్ అక్క ఒకావిడ "సాయంత్రం ఎప్పుడైనా తీశావా?" అంది. ఐసోస్పోరా ఊసిస్టులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే బయటికొస్తాయి. పగలంతా ఎండలో, అతినీలలోహిత కిరణాల్లో పడి చచ్చిపోకుండా అదో ఉపాయం అంటారు. మర్నాడు నాలుగున్నరకి తీస్తే మొదటి స్లైడులోనే కనిపించాయి!

ఇంకో రోజు నాలుగు స్పోరోసిస్టులున్నవి కనిపించాయి. పిగిలిపిట్టలో ఐమీరియా అని రెండు రాత్రులు నిద్ర లేదు, పేరు కూడా ఆలోచించేశాను. తీరా చూస్తే పక్కింటివాళ్ల కోళ్లు నా కాగితం మీదే తిరుగుతున్నాయి. అవి కోళ్ల ఐమీరియా. రెట్ట వేసిన పిట్టని కళ్లారా చూస్తేనే ఆ నమూనా లెక్కలోకి తీసుకోండి. పిట్టని పట్టుకుని సంచిలో పెట్టే పద్ధతి మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

తాజా రెట్టని 2.5 శాతం పొటాషియం డైక్రోమేట్‌లో కలిపి, పెట్రీ డిష్‌లో పల్చగా పోయండి. గాలి తగలకపోతే పండవు. మన ఊరి వేడికి నావి రెండు మూడు రోజుల్లో అయిపోయేవి. డైక్రోమేట్ లేకుండా ఉత్త నీళ్లలో ఉంచితే ఈ ఉక్కకి బూజు పట్టేస్తుంది. కానీ డైక్రోమేట్ క్యాన్సర్ కారకం, గ్లవ్స్ వేసుకోండి, సింకులో పారబోయకండి. తర్వాత 355 మి.లీ. నీళ్లలో 454 గ్రాముల పంచదార కరిగించిన ద్రావణంతో సెంట్రిఫ్యూజ్ చేస్తే (యంత్రంలో గిరగిరా తిప్పితే) ఊసిస్టులు పైకి తేలతాయి.

అసలు పని మైక్రోస్కోపు 100ఎక్స్ ఆయిల్ లెన్స్ కింద. కనీసం 30 ఊసిస్టుల పొడవు, వెడల్పు కొలవండి. గోడ నున్నగా ఉందా గరుకుగా ఉందా, మైక్రోపైల్ (గోడలో చిన్న రంధ్రం) ఉందా, పోలార్ గ్రాన్యూల్స్ (లోపలి చిన్న రేణువులు) ఎన్ని, రెసిడ్యుయం (మిగిలిపోయిన పదార్థం) ఉందా రాసుకోండి. అన్నిటికంటే ముఖ్యం స్పోరోసిస్ట్ కొన మీద బిరడాలా ఉండే స్టీడా బాడీ, దాని కింద ఉండే సబ్‌స్టీడా అనే భాగం. బొడిపెలా ఉందా, చదునుగా ఉందా, దాని ఆకారాన్ని బట్టే చాలా జాతులు విడిపోతాయి. ఫోటోలో ఇది సరిగ్గా పడదు, ఫోకస్ కదుపుతూ చేత్తో బొమ్మ గీయాల్సిందే. నా మొదటి బొమ్మలు వంకాయల్లా వచ్చాయి లెండి.

కొత్త జాతి సంగతంటారా, తొందరపడకండి. ఒకప్పుడు ఏ పిట్టలో ఐసోస్పోరా కనిపించినా ఐసోస్పోరా లకాజీ అని రాసేసేవారు, ఆ చిక్కు ఇప్పటికీ విప్పుతున్నారు. ఒకే పిట్టలో రెండు మూడు జాతులూ ఉండొచ్చు. అందుకే ఇప్పుడు కొలతలతో పాటు సీఓఐ జన్యువు (జాతుల్ని వేరు చేయడానికి వాడే మైటోకాండ్రియా జన్యువు) సీక్వెన్స్ కూడా అడుగుతారు. దానికి కొంత నమూనా విడిగా దాచుకోండి.

ముందైతే రేపు సాయంత్రం రెట్ట తీసి, పండాక స్టీడా బాడీ కనిపించేలా ఒక ఫోటో, మీరు గీసిన బొమ్మ ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.