సినిమా, డిన్నర్ కోసం యాప్‌లో లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. నా వయసు 35. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 62,000 వస్తుంది. భార్య, ఇద్దరు పిల్లలు. అద్దె, మెయింటెనెన్స్ 17,000, ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజులు కలిపి 30,000, బైక్ ఈఎంఐ 3,600, ప్రతినెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే సిప్ 5,000. క్రెడిట్ కార్డు బాకీ 84,000 ఉంది. నెలకు 3.5 శాతం వడ్డీ. మినిమమ్ డ్యూ 4,200 ఒక్క నెల కూడా తప్పకుండా కడుతున్నాను. వచ్చే నెల మా పదో పెళ్లిరోజు. అదే వారం పెద్ద సినిమా రిలీజ్. ముందు స్టార్ హోటల్లో డిన్నర్, తర్వాత సినిమా అని ఇంట్లో మాటిచ్చాను. హోటల్ బఫేకి 5,000, ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్‌కి వెయ్యి, టికెట్లు, మిగతావి అన్నీ కలిపి 9,000 అవుతుంది. కార్డులో అంత లిమిట్ మిగల్లేదు. ఒక యాప్ 25,000 లోన్ ఇస్తానంటోంది. అందులో 9,000 దీనికి వాడి, మిగతాది కార్డుకి కట్టేద్దామా? లేక ఒక టికెట్ కొంటే ఇంకోటి ఉచితంగా ఇచ్చే కొత్త కార్డు తీసుకోనా? ఈక్విటీ ఫండ్‌లో 1,12,000 ఉంది కానీ అది పిల్లల కోసం, ముట్టుకోకూడదనుకున్నాం. బ్యాంకులో 6,000 ఉంది. ఈ బాకీ పోయిన వానాకాలంలో మొదలైంది. బాబుకి డెంగీ వస్తే ఆస్పత్రిలో 40,000 కార్డు మీదే కట్టాను. కంపెనీ ఇన్సూరెన్స్ నుంచి తర్వాత 34,000 వచ్చింది గానీ, పండక్కి, కొత్త ఫోన్‌కి అయిపోయింది.

జవాబు: యాప్ లోన్ వద్దు. కొత్త కార్డు కూడా వద్దు. పెళ్లిరోజు మాత్రం మానుకోనక్కర్లేదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇన్ని ప్రశ్నల్లో మీదాన్ని ఎంచుకున్నది చివర్లో మీరు రాసిన డెంగీ సంగతి వల్ల. మీరు దాన్ని ఏదో గుర్తొచ్చి చెప్పినట్టు చెప్పారు. మీ కథంతా అక్కడే ఉంది. మీ ఇంటి బాకీ సినిమాల వల్ల రాలేదు. ఒక రాత్రి ఆస్పత్రి కౌంటర్ దగ్గర కట్టడానికి బ్యాంకులో 40,000 లేకపోవడం వల్ల వచ్చింది. ఇన్సూరెన్స్ ఉన్నా ఆ రాత్రికి అక్కరకు రాలేదు. క్యాష్‌లెస్, అంటే బీమా కంపెనీయే ఆస్పత్రికి నేరుగా కట్టే పద్ధతి, కుదరని చోట ముందు మన జేబులోంచి కట్టాల్సిందే, క్లెయిమ్ డబ్బు తర్వాత ఎప్పుడో వస్తుంది. ఆ మధ్య కాలాన్ని దాటించేది అత్యవసర నిధి ఒక్కటే. అది లేని ఇంట్లో ఆ పని కార్డు చేస్తుంది, నెలకు 3.5 శాతం తీసుకుని చేస్తుంది.

దానికి మించిన పొరపాటు 34,000 వచ్చినప్పుడు జరిగింది. అది మీ డబ్బు కాదు, కార్డు వాళ్ల డబ్బు. అకౌంట్లో పడగానే అనుకోకుండా కలిసొచ్చిన సొమ్ములా కనిపించింది. ఇది మీ ఒక్కరి ఇంట్లోనే జరిగేది కాదు. క్లెయిమ్ డబ్బు, ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్, ఊరి నుంచి తిరిగొచ్చిన చేబదులు, ఇవన్నీ వచ్చేసరికి అసలు ఎందుకు ఖర్చయ్యాయో ఎవరికీ గుర్తుండదు. దయచేసి ఇకమీదట ఇలాంటి డబ్బు ఏ గుంతలోంచి తీశారో ముందు ఆ గుంతలోకే వెళ్లాలి.

ఇప్పుడు మినిమమ్ డ్యూ. తప్పకుండా కడుతున్నానని ధైర్యంగా రాశారు. లెక్క చూడండి. 84,000 మీద నెలకు 3.5 శాతం అంటే 2,940. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 529. మొత్తం 3,469. మీరు కట్టే 4,200లో అసలుకు చేరేది 731 రూపాయలు. ఇంకా ఘోరం ఏమిటంటే, బాకీ ఇలా మోస్తున్నంత కాలం కొత్త ఖర్చులకు వడ్డీ లేని గడువు ఉండదు. గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి ఒక టికెట్ ఉచితమిచ్చే కార్డు గురించి ఇంతకంటే చెప్పను. బిల్లు మొత్తం ప్రతినెలా కట్టేవాళ్లకే ఆ ఆఫర్లు పనికొస్తాయి.

యాప్ లోన్ సంగతి. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో వడ్డీ 30 శాతం, 6 నెలలు, ఈఎంఐ 4,540, ప్రాసెసింగ్ ఫీజు 1,500 ప్లస్ జీఎస్టీ అని ఉంది. అంటే మీ చేతికొచ్చేది 23,230. మీరు తిరిగి కట్టేది 27,240. ఆరు నెలలకు 4,010 పోతాయి. నిజంగా చేతికొచ్చిన డబ్బు మీద లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 57 శాతం పడుతుంది. మీరు వదిలించుకోవాలనుకున్న కార్డు వడ్డీ 42 శాతం! 42 శాతం అప్పు తీర్చడానికి 57 శాతం అప్పు చేస్తారా? రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రతి లోన్‌కీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే వివరాల పత్రం ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అనే గడిలో ఫీజులన్నీ కలిపిన అసలు రేటు ఉంటుంది. మిగతావన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చదవాల్సింది ఆ గడినే.

పైగా నెలకు 4,540 ఎక్కడి నుంచి తెస్తారు? మీరిచ్చిన లెక్కల ప్రకారం అన్నీ పోగా నెలకు మిగిలేది 2,200. మూడో నెలకు ఇంకో యాప్ వెతుక్కుంటారు. ఈ వరుస నాకు బాగా తెలుసు. సాయంత్రం డిన్నర్ కోసం మొదలైన లోన్ ఆఖరికి నాలుగు యాప్‌ల మధ్య తిరుగుతూ, ఒకదాని ఈఎంఐకి ఇంకోదాన్ని వాడే దాకా వెళ్తుంది. దయచేసి అందులోకి దిగకండి. ఇప్పటికే యాప్ పెట్టుకుని ఉంటే కాంటాక్ట్స్, గ్యాలరీ పర్మిషన్లు తీసేసి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. నిబంధనలు పాటించే యాప్ ఆ రెండూ అడగకూడదు. పొరపాటున లోన్ తీసేసుకుని ఉంటే, వెనక్కి ఇచ్చేయడానికి కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ గడువులో అసలు, అప్పటివరకు అయిన వడ్డీ కట్టేస్తే పెనాల్టీ ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం కొంత పోవచ్చు.

మరి ఏం చేయాలి? ఆ 1,12,000 ఫండ్‌ని ముట్టుకోవాలి. మీకు నచ్చదని తెలుసు, పిల్లల పేరు పెట్టుకున్న డబ్బు. కానీ 42 శాతం వడ్డీ కడుతూ పక్కన సిప్ నడపడం పిల్లలకు చేస్తున్న మేలు కాదు. ఏ ఈక్విటీ ఫండూ ఏటేటా 42 శాతం ఇవ్వదు. కార్డు బాకీకి సరిపడా తీసి ఒకేసారి కట్టేయండి. ఏడాది దాటని యూనిట్ల లాభం మీద 20 శాతం పన్ను పడుతుంది, అలా తొందరగా తీస్తే కోసుకునే 1 శాతం ఫీజు, అంటే ఎగ్జిట్ లోడ్, కూడా చాలా ఫండ్లలో ఉంటుంది. మీ విషయంలో ఎగ్జిట్ లోడ్ మహా అయితే ఆరేడు వందలు. కార్డు ఒక్క నెలకు తీసుకునేది 3,469.

మిగిలే పాతిక ఇరవై ఏడు వేలను కూడా ఫండ్‌లో వదలొద్దు. అదే మీ అత్యవసర నిధికి మొదటి ఇటుక. బ్యాంకులో వేరే అకౌంట్ తెరిచి, స్వీప్ ఎఫ్‌డీ పెట్టండి, అంటే డబ్బు దానంతటదే డిపాజిట్‌లోకి వెళ్లి, కావాల్సినప్పుడు వెనక్కి వచ్చే ఏర్పాటు. ఆ అకౌంట్‌కి యూపీఐ లింక్ చేయకండి. రాత్రి రెండింటికి డబ్బు కావాలంటే దొరకాలి, కానీ బిర్యానీ ఆర్డర్ పెట్టేటప్పుడు కనపడకూడదు.

సిప్ ఆపండి, ఎప్పటికీ కాదు. సిప్ 5,000, ఇన్నాళ్లూ కార్డుకి పోతున్న 4,200 కలిపితే 9,200. అందులో 8,000 ఈ నిధికి. అద్దె, ఇల్లు, స్కూలు, బైక్ ఈఎంఐ కలిపి మీ తప్పనిసరి ఖర్చు 50,600. మూడు నెలలకు దాదాపు 1,52,000. నెలకు ఎనిమిది వేలంటే 16 నెలల్లో అక్కడికి చేరతారు. బోనస్ వస్తే ఇంకా ముందే. ప్రైవేటు ఉద్యోగం, ఒకే జీతం మీద నడిచే ఇల్లు కాబట్టి నేనైతే ఆరు నెలల ఖర్చు ఉండాలంటాను. ముందు మూడు పూర్తి చేయండి, అప్పుడు సిప్ సగానికి మళ్లీ మొదలుపెట్టి మిగతా సగం నిధికే పంపండి. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా, గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

ఇక పెళ్లిరోజు. మీ చేతిలో ఈ నెల మిగిలే 2,200 ఉంది. పైన చెప్పిన 9,200లో నిధికి పోగా మిగిలే 1,200 ఉంది. మొత్తం 3,400. బ్యాంకులోని 6,000 కదపకుండానే నలుగురు చక్కగా వెళ్లి రావచ్చు. రిలీజ్ వారం వదిలేయండి. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతితో రేట్లు పెంచుతారు, తర్వాత దిగుతాయి. తెలంగాణలో 2021 డిసెంబరు జీవో మల్టీప్లెక్సులో మామూలు సీటుకు పెట్టిన గరిష్ఠ ధర 250. దాని మీద 18 శాతం జీఎస్టీతో 295. నలుగురికి 1,180. ఆన్‌లైన్ బుకింగ్ ఫీజు కలిపితే 1,350 ప్రాంతంలో అవుతుంది. కౌంటర్లో కొంటే ఆ ఫీజూ ఉండదు.

స్టార్ హోటల్ బఫేకి మీరు వేసిన 5,000 దగ్గరే లెక్క తప్పింది. గదుల అద్దె రోజుకు 7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లు 18 శాతం జీఎస్టీ వేస్తాయి. బయటి మంచి రెస్టారెంట్లో అది 5 శాతమే. కూకట్‌పల్లిలో నలుగురూ కడుపునిండా తినడానికి 1,600 చాలు. బిల్లులో సర్వీస్ చార్జ్ కనిపిస్తే తీసేయమనండి. అది తప్పనిసరిగా వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. వినకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. సినిమాకి ముందే తినడం అనే మీ ఆలోచన మాత్రం నాకు చాలా నచ్చింది. కడుపు నిండిన పిల్లలు ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కోసం పేచీ పెట్టరు. మీరు దానికి పెట్టుకున్న వెయ్యి అలాగే మిగులుతుంది. ఆరింటికల్లా తిని ఏడున్నర ప్రాంతం షోకి వెళ్తే తిరుగు ప్రయాణానికి మెట్రో కూడా దొరుకుతుంది.

ఇంకో మాట. రవీంద్రభారతిలో సురభి వాళ్ల నాటకం ఉన్న రోజు చూసుకుని పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సమాజం అది. మంత్రాలు, మాయలు తెర మీద కాకుండా కళ్లెదుట జరుగుతుంటే మీ బాబు జన్మలో మర్చిపోడు.

ఆ తర్వాత నెల నెలా ఆ 1,200 విడిగా పెట్టుకోండి. మూడు నెలలకొకసారి ఇలాంటి సాయంత్రం నగదుతో గడుస్తుంది. మీ ఆవిడతో కూర్చుని ఈ లెక్క మొత్తం చెప్పండి. మాటిచ్చాను కదా అని దాచి అప్పు చేయడం కంటే, హోటల్ మారుతోందని ముందే చెప్పడం తేలిక. పదేళ్లు కలిసి ఇల్లు నడిపిన మనిషి, అర్థం చేసుకుంటారు.

ఫండ్ అమ్మితే డబ్బు సాధారణంగా రెండు పనిదినాల్లో అకౌంట్లో పడుతుంది. అందుకే కార్డు బిల్లు గడువుకు కనీసం వారం ముందే రిక్వెస్ట్ పెట్టండి. వచ్చిన రోజే మొత్తం బాకీ కట్టండి, ఒక్క రోజు కూడా అకౌంట్లో ఉంచకండి. తర్వాతి బిల్లులో ఇంకా కొంత వడ్డీ కనిపిస్తుంది, కంగారు పడకండి. పాత బిల్లు తేదీ నుంచి మీరు కట్టిన రోజు వరకు అయిన వడ్డీ అది. దాన్నీ పూర్తిగా కట్టేయండి. కార్డు మూసేయనక్కర్లేదు, లిమిట్ 30,000కి తగ్గించమని బ్యాంకుకి చెప్పండి.