బూట్ కాని సన్ అల్ట్రా 5: పాస్‌వర్డ్ సంగతి తర్వాత, ముందు చిప్ బ్యాటరీ చూడండి

కళాశాల ప్రయోగశాలలో ఏళ్ల తరబడి మూలన ఉన్న సన్ అల్ట్రా 5 (సన్ మైక్రోసిస్టమ్స్ వారి పాత వర్క్‌స్టేషన్ కంప్యూటర్) ఇప్పుడు బూట్ కావడం లేదని, అందులోని సొలారిస్ 8 ఆపరేటింగ్ సిస్టమ్‌కు రూట్ (నిర్వాహకుడి) పాస్‌వర్డ్ తెలిసినవారు ఎవరూ లేరని, పాత డిజైన్ ఫైళ్లతో పాటు లైసెన్సు సాఫ్ట్‌వేరు కూడా తిరిగి పనిచేయాలని మీరు అడిగారు. ఏఆర్‌పీ ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో చిరునామా తెలుసుకునే సందేశం) కోసం వేచి చూసి సమయం మించిపోయిందన్న వాక్యమే తెర మీద పదే పదే వస్తోందని కూడా రాశారు. మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైన వివరం అదే. ఇదే మోడల్ యంత్రం మా కార్యాలయంలో ఇలాగే మొరాయించినప్పుడు, హార్డ్ డిస్క్ పోయిందనుకొని నేను రెండు రోజులు వృథా చేశాను. డిస్క్‌కు ఏమీ కాలేదు. అయిపోయింది ఎన్‌వీర్యామ్ (కరెంటు లేకున్నా అమరికలను గుర్తుంచుకునే మెమరీ) చిప్‌లోని బ్యాటరీ.

ఈ యంత్రాల్లో ఈథర్‌నెట్ చిరునామా, హోస్ట్ ఐడీ (ఆ యంత్రానికి మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్య), బూట్ అమరికలు అన్నీ ఎం48టీ59 అనే చిన్న చిప్‌లో ఉంటాయి. దాని లిథియం బ్యాటరీ చిప్‌తోనే కలిసి ఉంటుంది. సుమారు పదేళ్లకు అది నీరసించాక లోపలి విలువలు చెదిరిపోతాయి. అప్పుడు ‘డయాగ్-స్విచ్’ అనే అమరిక ‘ట్రూ’గా మారితే, యంత్రం డిస్క్‌ను వదిలేసి నెట్‌వర్క్ నుంచి బూట్ కావాలని చూస్తుంది. మీకు కనిపిస్తున్నది బహుశా ఇదే. సన్ కీబోర్డు మీద ‘స్టాప్’, ‘ఏ’ మీటలు రెండూ కలిపి నొక్కితే ‘ఓకే’ ప్రాంప్ట్ (యంత్రానికి నేరుగా ఆదేశాలిచ్చే చోటు) వస్తుంది. కీబోర్డు లేకపోతే కన్సోల్ (ఆదేశాలు, సందేశాలు నడిచే తెర) దానంతటదే సీరియల్ పోర్టు ‘ఏ’కి, అంటే 25 పిన్నుల పోర్టుకు మళ్లుతుంది, నల్ మోడెమ్ కేబుల్ (రెండు కంప్యూటర్ల సీరియల్ పోర్టులను నేరుగా కలిపే తీగ) తగిలించి సెకనుకు 9600 బిట్ల వేగంతో చూడవచ్చు. ఆ ప్రాంప్ట్ దగ్గర ‘ప్రోబ్-ఐడీఈ’ అని ఇచ్చినప్పుడు డిస్క్ పేరు కనిపిస్తే సగం భయం తీరినట్లే.

అయితే వెంటనే బూట్ చేయకండి. యంత్రాన్ని ఆపి, డిస్క్ బయటకు తీసి, ఐడీఈ-యూఎస్‌బీ అడాప్టర్‌తో లినక్స్ కంప్యూటర్‌కు కలిపి, డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌కు నకలు తీయండి. నేను ఈ పని చేయకుండా అసలు డిస్క్ మీదే ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తప్పులను సరిదిద్దే ఆదేశం) నడిపి, అడిగిన ప్రతిదానికీ ‘అవును’ అనడం వల్ల, ఒక డైరెక్టరీలోని ఫైళ్లన్నీ పేర్లు పోగొట్టుకొని, వట్టి అంకెలతో ‘లాస్ట్+ఫౌండ్’లో చేరాయి. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి గుర్తుపట్టడానికి వారం పట్టింది. ఆ బాధ మీకు వద్దు.

లినక్స్‌లో ఆ నకలును యూఎఫ్ఎస్ (సొలారిస్ వాడే ఫైల్ సిస్టమ్)గా, రకం ‘సన్’ అని చెప్పి, చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తే (తెరిచేలా జోడిస్తే) ఫైళ్లు పాస్‌వర్డ్ లేకుండానే చేతికి వస్తాయి. మీకు డిజైన్ ఫైళ్లే కావాల్సి ఉంటే పని ఇక్కడితో ముగిసేది. లైసెన్సు కూడా కావాలన్నారు కాబట్టి ఆ నకలులోనే లైసెన్సు ఫైలును వెతకండి. ఆ కాలపు సాఫ్ట్‌వేర్లు చాలావరకు హోస్ట్ ఐడీకి కట్టుబడి ఉండేవి, అందుకే ఆ ఫైలులో ‘సర్వర్’ అన్న వరుసలో అది రాసి ఉండే అవకాశం ఎక్కువ. చిప్ మీద ఆ వివరం ఉండే స్టిక్కర్ చెరిగిపోయిన మా యంత్రానికి హోస్ట్ ఐడీ నాకు అలాగే దొరికింది. అల్ట్రా 5లో అది 80తో మొదలవుతుంది, మిగిలిన ఆరు అంకెలు సాధారణంగా ఈథర్‌నెట్ చిరునామాలోని చివరి ఆరే.

తర్వాత కొత్త చిప్ పెట్టి, ‘ఓకే’ ప్రాంప్ట్ దగ్గర ‘సెట్-డిఫాల్ట్స్’ ఇచ్చి, ‘ఎంకేపీ’ ఆదేశంతో హోస్ట్ ఐడీ, ఈథర్‌నెట్ చిరునామా వంటి ఆ విలువలను ఒక్కో బైటుగా రాయాలి. మొత్తం పదహారు బైట్లలో చివరిది ముందరి పదిహేనింటి ఎక్స్‌ఓఆర్ (బిట్లను పోల్చి చేసే లెక్క), అంటే తప్పులు పట్టే సరిచూపు విలువ. అది తప్పితే ఐడీప్రామ్ (చిప్‌లోని ఈ పదహారు బైట్ల భాగం) చెల్లదని యంత్రం మళ్లీ ఫిర్యాదు చేస్తుంది.

ఇక పాస్‌వర్డ్ తేలిక. సొలారిస్ సీడీ పెట్టి ‘బూట్ సీడీరామ్’కు సింగిల్ యూజర్ ఐచ్ఛికం జోడించి, రూట్ స్లైస్‌ను (సిస్టమ్ ఉన్న డిస్క్ భాగాన్ని) ఎఫ్ఎస్‌సీకేతో సరిచూసి, ‘ఏ’ డైరెక్టరీలో మౌంట్ చేసి, షాడో (పాస్‌వర్డ్‌ల వివరాలుండే) ఫైలులో రూట్ వరుసలోని రెండో గడిని ఖాళీ చేయండి. రీబూట్ అయ్యాక కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోండి. కొత్త చిప్ బ్యాటరీ కూడా ఏదో ఒక రోజు అయిపోతుంది కాబట్టి, ఆ పదహారు బైట్లనూ కాగితం మీద రాసి పెట్టె మూత లోపలివైపు అంటించండి.